అంచు దగ్గర

వియన్నాలో జనవరి ఆఖరి శుక్రవారం,
గడియారాల పనివాళ్ల సంఘం గాలా రాత్రి.
మెట్ల కింద, కోట్లు తగిలించే గది పక్కన
నాకో ముక్కాలి పీట, ఒక టేబుల్ ల్యాంపు,
నలభై రంగుల దారపు ఉండలు.
పేరు జ్దెంకా. అడిగేవాళ్లు తక్కువ.

ఫ్యాషన్ అందరికీ భుజాల దగ్గర మొదలవుతుంది,
నాకు నేల దగ్గర.
ముప్పై ఒక్క ఏళ్లుగా గౌన్ల మొహం చూసిందాన్ని కాను,
కాళ్లు చూసి కాలం చెబుతాను.

ఒక ఏడు అంతా తళుకులే.
తెల్లారి గది ఊడిస్తే చేటెడు చేప పొలుసులు.
ఒక ఏడు నెట్టు గుడ్డ, పొర మీద పొర,
ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలిస్తే గానీ
చిరుగు చేతికి చిక్కేది కాదు.
ఆ మీదట వీపున పెద్ద పెద్ద ముడులు,
ఎవరికో ఇవ్వబోయే కానుకల్లా.
జేబులొచ్చిన ఏడు మాత్రం నాకిష్టం.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలిశాక
ఆడవాళ్లు ఎంత తీరిగ్గా నిలబడ్డారని!

ఈ ఏడు తోకలు.
మూరెడు కాదు, బారెడు.
సీసా ఆకుపచ్చ, ఎండు గులాబీ, రాత్రి నీలం,
మెట్టు మెట్టుకీ జారుతూ
మనిషి వచ్చిన నిమిషానికి గానీ
గదిలోకి రాని తోకలు.

ఆహ్వానపత్రం మీదే అచ్చేస్తారు: గౌను నేలను తాకాలి.
చీలమండ కనబడిందా,
గుమ్మంలో వోబోర్నిక్ గారు దగ్గుతారు.
తాకాలన్నారు గానీ
ఎంతమేర తాకాలో ఎవరూ రాయలేదు.
ఆ రాయనిచోటే గజాలకొద్దీ శాటిన్ పరుచుకుంది.

పదకొండున్నరకి వచ్చిందామె,
రాత్రి నీలం రెండు చేతులా పోగేసుకుని.
తోక మీద నల్లటి మడమ ముద్ర,
పక్కనే ఇంకొకటి, ఇంకొకటి.
"ఎడమకి తిరిగే వాల్ట్జ్‌లో నాలుగుసార్లు తొక్కారు," అంది.
"నాలుగుసార్లూ క్షమించమన్నది నేనే."

సూదిలో దారం ఎక్కించాను.
"కుట్టొద్దు. కత్తిరించండి."

గుడ్డ తిరగేసి చూశాను.
చేతికుట్టు. చీమల బారు కన్నా సన్నం.
ఏ కిటికీ దగ్గరో ఎవరిదో మెడ
దీని మీద రెండు వారాలు వంగి ఉంటుంది.
ఆ నొప్పి నా మెడకి తెలుసు.
"పాపం, మంచి పనమ్మా," అన్నాను.
"నాకు తెలుసు. నేనే కుట్టాను."

పేరు రోస్విథా. పగలు గడియారాల్లో
ఆవగింజంత పళ్లచక్రాలు బిగిస్తుందట.
పత్రికలో బొమ్మ చూసి ముచ్చటపడిందట.
"బొమ్మ నిలబడి ఉంది," అంది, "నేను నాట్యం చేయాలి కదా."

కత్తెర నాదే, చేయి ఆమెది.
శాటిన్ తెగే చప్పుడు
ఎవరో గుసగుసగా అవునన్నట్టు ఉంటుంది.
అంచు మడిచి, ఆ కొస నుంచి ఆమె, ఈ కొస నుంచి నేను
మాటల్లేకుండా కుట్టుకుంటూ వచ్చి
వెనక నడిమధ్య కలుసుకున్నాం.
వంగి చూస్తే ఎవరి కుట్టు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.
వంగి చూసేవాళ్లు నేను తప్ప ఎవరున్నారు?

ఆమె పైకి వెళ్లింది.
వాళ్ల నేలే నాకు కప్పు.
అన్ని అడుగుల్లో ఆమె అడుగేదో పోల్చుకుందామని
తలెత్తి కాసేపు విన్నాను.
పోల్చుకోలేకపోయాను.

రెండు గంటలలోగా మరో ముగ్గురు.
"ఆవిడకి చేసినట్టే," అన్నారు.
ఆకుపచ్చ గౌనావిడ మాత్రం కొంచెం జంకింది:
"ఇది ఈ ఏడు ఫ్యాషనేనా?"
"వచ్చే ఏడుది," అన్నాను నోట్లో గుండుసూదులతో.

ఐదింటి ట్రాములో నా సంచి నిండా తోకలు.
కునుకు పట్టింది. మెలకువొచ్చి చూస్తే
నీలం కొస జారి తడి నేల మీద పడివుంది.
ఎదురు సీట్లో మంచు ఊడ్చే కుర్రాడు,
బురద బూట్లు రెండూ
సీటు కిందికి ముడుచుకుని,
అది తొక్కకుండా
ఎన్ని స్టాపుల నుంచి అలా కూర్చున్నాడో.