విడిచిందా

వాదీ కబీర్‌లో పొద్దున ఆరింటికే
మా రేకుల షెడ్డు దోసె పెనం.
బెంచీ మీద పాత పంచె పరిచి
ఒక్కో ముక్కా విప్పిన వరసలోనే పెట్టినాను:
ఖల్ఫాన్ సారు బండి ఓవర్‌డ్రైవ్,
గేర్‌బాక్సు తోకకి అతుక్కున్న చిన్న పెట్టె,
నాకంటే రెండేళ్లు పెద్దది.

మధ్యలో సూర్యుడి పళ్లచక్రం,
చుట్టూ మూడు గ్రహాలు.
రాయచోటిలో మా యమ్మ తొమ్మిదింటికీ మొక్కించింది.
ఇక్కడ మూడే. అందులో శని ఎవరో
విప్పేదాకా తెలియదు.

శని గ్రహాల్లో లేడు.
ఒకవైపే తిరగాల్సిన రోలర్లు
నాలుగు పగిలి, రెండు నలిగి,
వాటి కంచు పంజరం పొడై
నూనె అడుగున మెరుస్తా ఉంది.
"ఇది పట్టు విడవకముందే
ఎవరో రివర్స్ వేసినారు సార్."

ఆయన కుమ్మా టోపీ సర్దుకొని
గోడ మీది టైర్ల క్యాలెండర్ చాలాసేపు చూసినాడు.
"నా తమ్ముడు. సూర్ రేవులో.
వద్దంటే విన్నాడు కాదు."
ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవంట,
ఇరవై ఆరేళ్లు.

నేను రాత్రి వాల్వు కడిగినాను.
దాని కాడకి సూదిమొన పట్టనంత బెజ్జం,
నూనె ఒత్తిడి వెనక్కి జారిపోయే దారి.
అందులో ఒక నూలుపోగు.
ఏ కాలం మెకానిక్కు చేతిగుడ్డదో.
పోగు అడ్డం పడితే
స్విచ్చి ఆపినా పెట్టె పట్టు వదలదు,
వదల్లేదని తోలేవాడికి తెలియదు.
దాన్ని అగ్గిపెట్టెలో వేసి
అల్మరా పైన పెట్టినాను.

ఇక ముక్కల వేట.
రూవీలో కుంజుమోన్ "ఇంగ్లండ్ నుంచి, మూడు నెలలు" అని
ధర కాగితం మీద రాసి తిప్పి పెట్టినాడు,
గట్టిగా చెప్పడానికి ఆయనకే సిగ్గు.
షార్జా తుక్కు బజారోళ్లు ఫొటో అడిగి
నవ్వు బొమ్మ పంపినారు.
రబ్బరు రింగులు బోరుపంపుల అంగట్లో దొరికినాయి,
సోలినాయిడ్‌కి తీగ చుట్టింది
ఫ్యాన్లు బాగుచేసే చిట్టగాంగ్ మొఫిజుల్.
రోలర్లు మాత్రం భూమ్మీద లేవు.

చివరికి బర్కా అవతల ఖర్జూరతోటలో
చక్రాల్లేని స్వీడన్ కారు.
దాని కడుపులో అదే పెట్టె,
వెనక సీట్లో పదకొండు కోళ్లు.
తోట ముసలామె జోఖా డబ్బు ముట్టలేదు.
"నా కోళ్లు ఎక్కడ పండుకోవాల?"
"పెట్టె కింద ఉంది తల్లీ, కోళ్లకి దాంతో పనిలేదు"
సగం అరబ్బీ, సగం చేతులు.
ఆలోచించి వెనక తలుపు చూపించింది:
గడి పడదు, రాత్రి నక్క వస్తాంది.
రెండు గంటలు గడి చేసినాను,
నాలుగు గంటలు కారు కింద వెల్లకిలా,
పైన కోళ్లు నన్ను తిడతా ఉంటే.
వచ్చేటప్పుడు ఆరు గుడ్లు.
రెండు దారిలో పగిలినాయి.

రోలర్లు నిలబెట్టడానికి
గ్రీజు, రబ్బరు బ్యాండు, బిగపట్టిన ఊపిరి.
గ్రహాల మీది గుర్తులు బయటికి తిప్పి
సూర్యుణ్ణి దించితే దిగలేదు.
మూడోసారి దిగింది.

శుక్రవారం తెల్లారి, ఖురియాత్ దారి.
నాలుగో గేరు, అరవై మైళ్లు.
సారు స్విచ్చి నొక్కినాడు.
క్షణం ఏమీ లేదు. తర్వాత
ఇంజను గొంతు తగ్గింది, బండి తగ్గలేదు,
మూట మోసేవాడు నడక ఆపకుండా
చుట్టకుదురు సర్దుకున్నట్టు.

కొండ మలుపులో ఆపినాడు. వెనక్కి తీయాల.
స్విచ్చి ఆపి, గేరు రాడ్డు మీద చెయ్యి పెట్టి
నా దిక్కు చూసినాడు.
"విడిచిందా?"
"విడిచింది సార్."

అప్పుడు జేబులోంచి అగ్గిపెట్టె ఇచ్చినాను.
తెరిచి, ఖాళీ అనుకొని మూయబోయినాడు.
వెలుతురుకి పట్టుకోమన్నాను.
సంగతి చెప్పినాను.

కిటికీ అద్దం గబగబా పైకి తిప్పేసినాడు,
ఏసీ లేని బండిలో,
గాలికి అది ఎగిరిపోతుందని.