గురగుర

వల్పరాయిసో కొండ మీద మా వంటగది.
కింద రేవులో క్రేన్ల దీపాలు.
తువెర్కా స్టవ్ వెనక దూరి
గోడకేసి మొహం పెట్టి కూర్చుంది.
తువెర్కా అంటే మా దగ్గర నట్టు.
పిడికెడున్నప్పుడు నా పనిముట్ల పెట్టెలో దొరికింది.

చేపల అంగట్లో ఎవరో పారేసిన గాలం దారం
మూరెడు మింగింది.
డాక్టర్ యస్నా పొట్ట కోసి తీసి, ఏడు కుట్లేసి,
సాయంత్రం నా చేతుల్లో పెట్టింది.
"అరుస్తుందని ఎదురుచూడకు, డాన్ ఎర్మోహెనెస్.
ఇవి అరవవు. నువ్వే చదువుకోవాలి."

నలభై ఏళ్లు టగ్గు పడవల ఇంజన్ గదిలో చదువుకున్నవాణ్ణి.
పాత లాగ్‌బుక్కు తీసి నేల మీద చతికిలబడ్డాను.

పదిన్నర. నీళ్లు ముట్టలేదు.
పదకొండు. వీపు గూనిలా లేచింది, తల భుజాల కంటే కిందికి.
పన్నెండు. చెవులు పక్కలకి వాలాయి, తడిసిన టోపీ అంచుల్లా.
కళ్లు మూయలేదు, తెరవలేదు.
మీసాలు బిగదీసిన తీగలు.
ఒంటిగంట. గురగుర మొదలైంది.
హమ్మయ్య, సుఖంగా ఉంది, అని రాశాను.

పెన్ను పక్కన పెట్టి
పక్కటెముకల మీద వేలు ఆనించాను.
ఆ గురగురలో ఎక్కడో
పన్ను విరిగిన చక్రం.

తొంభై ఒకటి, చలికాలం, 'పోర్ఫియాదా' టగ్గు.
బేరింగు అరిగిపోయి కూడా మూడు రోజులు
ఒక్క దగ్గు లేకుండా నడిచింది ఇంజన్.
నడుస్తోంది కదా, అన్నాడు కెప్టెన్.
నడుస్తోంది కదా, అన్నాను నేనూ.

రాసింది కొట్టేశాను.

బల్ల మీద నా మోకాలి మాత్రలు.
ఒకటి సగానికి విరిచి, చెంచాతో నూరాను కూడా.
అప్పుడు గుర్తొచ్చింది, నా ముక్కు ముందు ఊగిన యస్నా వేలు:
మనిషి మాత్ర దానికి విషం. నలుసంతైనా సరే.
సింకులో కడిగేసి, చేతులు రెండుసార్లు తోముకుని
ఫోన్ చేశాను, రెండున్నరకి.
కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నది నేను.
పిల్లి మాత్రం కూర్చున్నచోటే ఉంది.

తిట్టలేదు. "ఏం చూశావో చెప్పు," అంది.
లాగ్‌బుక్కు చదివాను. కొట్టేసిన వాక్యంతో సహా.
"ఆరింటికని ఇచ్చిన సిరంజి ఇప్పుడే బుగ్గలోపల పిండు.
తెల్లారగానే తీసుకురా."

నాలుగు. గురగుర ఆగింది.
చెవులు కాస్త లేచాయి.
నాలుగుంపావు. కుడి ముందుకాలు నాకింది, ఒక్కసారి.
ఏదో మర్చిపోయినట్టు ఆగిపోయింది.

తేదీ వేసి సంతకం పెట్టాను, అలవాటు.
లేవబోతే మోకాలు లేవనివ్వలేదు.
కిమ్మనలేదు నేను.
తువెర్కా నాకేసే చూస్తోంది,
కళ్లు పూర్తిగా తెరిచి.