తల లేని మరమేకు

గ్రెన్‌షెన్‌లో మా నాన్న
గడియారాలకు మరమేకులు చేసేవాడు,
తుమ్మితే ఎగిరిపోయేంతవి.
గడియారాలు పోయాయి. లేత్ మిగిలింది.
నేను ఎముకలకు చేస్తున్నాను.

మణికట్టులో ఒక ఎముక, జీడిపప్పంత.
మంచు మీద జారి చెయ్యి ఆన్చారా,
ముందు విరిగేది అదే.
దానికి కొట్టే మేకుకు తల ఉండకూడదు,
ఉంటే కీలు ఒరుసుకుంటుంది.
తల లేనిది దేన్ని పట్టుకుని బిగుస్తుంది?

చలికాలమంతా గీశాను.
కసాయి ఉర్బాన్ పంది ఎముకలు దాచి ఇచ్చేవాడు;
పద్నాలుగు మేకులు వాటిలో ఊరికే గిర్రున తిరిగాయి.
పదిహేనోదానికి
ముందు మర ఎడంగా, వెనక మర దగ్గరగా కోశాను:
ముందుది పెద్ద అంగ వేస్తుంది, వెనకది చిన్నది,
ఆ తేడా కొద్దీ
పగులు మూసుకుంటూ వచ్చింది.

డాక్టర్ లూట్‌హోల్డ్ వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.
"బాగుంది రెగూలా. మరి తియ్యాల్సొస్తే?"

నాకు తట్టనే లేదు.
లోపలికి పంపడమే నా పని అనుకున్నాను.

తోక వైపు మూడు పళ్ళు పెట్టాను,
వెనక్కి తిప్పితే
దారి తనే కోసుకుని వచ్చేలా.

రెండేళ్ళకి ఒకటి తిరిగొచ్చింది, చిన్న సీసాలో.
రొట్టెలు చేసే ఆవిడదట, మళ్ళీ పిండి పిసుకుతోందట.
భూతద్దం కింద పెట్టాను.
మర గాడిలో తెల్లగా
గోరుమొనంత ఎముక,
ఇంకా పట్టుకునే ఉంది.

కొలతలు రాసుకోవాలంటే కడగాలి.
ఇవాళ కడగలేదు.