నాలుగాటల్లో

కౌనాస్‌లో పచ్చకొండ ఎక్కే తాడుబండి నాది.
నాదంటే, మీట ఒక్కటే నాది.
తాడు నగరపాలక సంఘానిది,
కిర్రుమనే చప్పుడు బండి సొంతం.
ఒక పెట్టె పైకి పోతుంటే ఇంకో పెట్టె దిగుతుంది.
నడిమధ్య అవి ఒకదాన్నొకటి దాటే చోట
అవతలి అద్దంలో ముఖాలు చూడ్డం నాకలవాటు.

మే నెలాఖరుకి ఇక్కడెవరూ నన్ను
బాగున్నావా అని అడగరు.
"ఎన్నాటల్లో?" అంటారు.

కిటికీకి ఓ కాగితం అంటిస్తాను, పన్నెండేళ్లుగా.
ఎవరు గెలుస్తారో, ఎన్నాటల్లో గెలుస్తారో
పెన్సిల్‌తో రాస్తాను.
రబ్బరు మాత్రం ఇంట్లోనే వదిలేసి వస్తాను.

క్వార్టర్‌ఫైనల్ రెండాటల్లో ముగుస్తుందన్నాను,
రేవుపట్నం వాళ్లు మూడో ఆటదాకా ఈడ్చారు.
రెండ్రోజులు తల దించుకుని మీట లాగాను.
సెమీఫైనల్ మూడన్నాను. మూడే.
స్తానిస్లోవా ముసలమ్మ నా ఒళ్లో జున్నుగడ్డ పెట్టి
నా మాట బల్లిపలుకన్నట్టు చూసింది.

ఉగ్నియుస్ అని ఓ కుర్రాడు, లెక్కల విద్యార్థి,
ఒళ్లో కంప్యూటర్ తెరిచి చెప్పాడు:
"ఫైనల్ మనదే. అరవై రెండు శాతం."
మిగతా ముప్పై ఎనిమిదీ ఎక్కడుంటాయి నాయనా?
"రాజధాని వాళ్ల దగ్గర."
అవే నాకు నిద్ర పట్టనివ్వవు, అన్నాను.
వాడు నవ్వలేదు. వాడికీ పట్టడం లేదట.

ఫైనల్‌కి నేను రాసింది:
మనమే, నాలుగాటల్లో.
కాకిలెక్క అనుకోండి.
ఐదంటే భయపడ్డట్టు,
మూడంటే పొగరెక్కినట్టు.
నాలుగులో కాస్త మర్యాద ఉంది,
ఓ ఓటమికి కుర్చీ వేసినట్టు.

మొదటి ఆట మనది. రెండోది వాళ్లది.
కుర్చీ నిండింది, ఇక చాలు, అనుకున్నాను.

ఆ రాత్రి ఆఖరి బండికి ఒక్కడే ఎక్కాడు.
టోపీ కళ్లమీదకి లాక్కున్నా
ఆ పొడుగు దాస్తే దాగేదా?
మన కెప్టెన్. కొండమీదే కాపురం.
ఏడేళ్లలో ఒక్కసారీ నా బండి ఎక్కలేదు,
మెట్లన్నీ పరుగున ఎక్కే మనిషి.
కూర్చోడానికి కమ్మీ పట్టుకున్నాడు,
ఎడమకాలు చేత్తో ఎత్తి
వేరొకరి సామాను పెట్టినట్టు పక్కన పెట్టుకున్నాడు.

నేను చూళ్లేదు.
అంటే, చూసి, చూళ్లేదు.

ఊరు మొత్తానికి తెలియనిది
నాకూ ఓ మోకాలికీ తెలుసిప్పుడు.
ఉగ్నియుస్ చెవిన వేస్తే
ఆ అరవై రెండు ఎంతకి పడిపోతుందో.
పందెం కాసేవాళ్లయితే ఈ మాటకి
ఓ నెల జీతం ఇచ్చేవాళ్లు.
మీట బరువుగా ఉంది.
బండి కదిలింది.

అతను కాగితం చదివాడు.
పెదవులు కదుపుతూ, బడిపిల్లాడిలా.
"నాలుగా?"
నాలుగే, అన్నాను, పట్టాల వైపు చూస్తూ.
లిండెన్ పూల వాసన సందుల్లోంచి లోపలికొచ్చింది.
జూన్‌లో పదకొండైనా ఆకాశం పూర్తిగా ఆరదిక్కడ.

నడిమధ్య ఖాళీ పెట్టె మమ్మల్ని దాటి కిందికి పోయింది.
అప్పుడన్నాడు, బేరమాడుతున్నట్టు:
"ఐదని రాయకూడదూ?
నాలుగు... కొంచెం కష్టం."

పైకి చేరాక కమ్మీ వదిలేసి లేచాడు.
దిగేటప్పుడు కుంటలేదు.
నేను చూస్తున్నానని తెలుసు కాబోలు.

పొద్దున్నే స్తానిస్లోవా కళ్లద్దాలు సర్దుకుని చదివింది.
నాలుగు అలాగే ఉంది, కొట్టెయ్యలేదు.
దాని కింద, కాస్త వంకరగా, ఐదు.
"ఇదేమిటి, రెండు జోస్యాలా? మోసం కదూ!"

ఒకటే నాది, అన్నాను.
రెండోది ఎవరిదో అడక్కు.
తలుపు మూసుకో, తాడు లాగుతోంది.