డెబ్బై రెండో వంతు

పెంబ్రోక్ డాక్‌లో, పాత రేవు గోడ వెనక
నాకో గది ఉంది. కిటికీ ఒకటే.
జిగురు వాసన పడక మా ఆవిడ
గుమ్మంలోనే టీ పెట్టి వెళ్ళిపోతుంది.

ఇక్కడ కూచుని నేను
యుద్ధాన్ని డెబ్బై రెండుతో భాగిస్తుంటాను.

ఒకప్పుడు ఈ ఊరి మీద నీడ పరిచిన సందర్‌లాండ్ ఎగిరే పడవ
రెక్క కొస నుంచి రెక్క కొసకి
రెండు జానలు, మరో రెండు వేళ్ళు.
మనిషి చిటికెన వేలి కణుపంత.
మరతుపాకీ గొట్టం, విరిగిన కుట్టుసూది.
తెలుపొక్కటే భాగహారానికి లొంగదు.
డబ్బాలో తెలుపు వేస్తే పాలసీసాలా మెరుస్తుంది.
పొట్ట కింద నాచు కావాలి,
గొలుసు ఒరిసిన చోట తుప్పు కారాలి,
ఇంజన్ల వెనక పెన్సిల్ ముల్లు అరగదీసిన మసి,
నీటిగీత వెంట మూడోసారి కాచిన టీ.

ఇరవై ఏడు చేశాను ఇలా.
ఇరవై ఏడూ ఎగురుతున్నవే,
తీగలకి వేలాడుతూ,
ఏ నీటికీ తగలకుండా.

మార్చిలో టెగ్వెన్ ప్రోసర్ వచ్చింది.
ఎనభై దాటిన మనిషి. వానకోటు విప్పలేదు, కూచోలేదు.
"మా అన్న ఇద్వల్ ఉన్న పడవ చెయ్యాలి."
పైలటా, అన్నాను.
"కాదు."
గన్నరా?
"ఫిట్టరు. ఇంజన్లు తుడిచేవాడు.
రాత్రిళ్ళు నీళ్ళమీద కాపలా పడుకునేవాడు."

ఒక నవంబరు రాత్రి గాలి లేచింది.
తాడు తెంపుకున్న పడవొకటి
పక్కదాన్ని గుద్దింది.
తెల్లారి చూస్తే నీళ్ళ పైన ఒకే రెక్క,
రెక్క మీద ఒక నీటికాకి.
శత్రువు రాలేదు. గుండు పేలలేదు.
"గాలికి పోయినవాడి పేరు
రాతి మీద చెక్కాలా వద్దా అని
మూడేళ్ళు ఉత్తరాలు రాసుకున్నారు," అంది,
కూరగాయల ధర చెప్పినట్టు.

"ఎగరనివ్వకు. కట్టేసి ఉంచు.
లోపల వంటగది కూడా పెట్టు."
మూసేశాక కనపడదండీ.
"నాకు మాత్రం ఎప్పుడు కనపడింది?"

ఆ వేసవంతా వంటగదిలోనే గడిచింది.
రెండు మంటల పొయ్యి.
రాగితీగ చుట్టి కెటిల్, ఆవగింజలో సగం.
పెనంలో గుడ్లు రెండుండాలట, ఫోను చేసి చెప్పింది,
ఉత్తరంలో రాశాడట, ఒకటి చితికిందని కూడా.
సూదిమొనతో ఒక పసుపు చుక్క,
పక్కన ఒక పసుపు గీత.

తరవాత మంచం, మంచం మీద మనిషి.
సిగరెట్ పెట్టెలోని వెండికాగితం దుప్పటి.
ఎటు తిరిగి పడుకునేవాడండీ? అడగలేక అడిగాను.
చాలాసేపు ఫోనులో ఊపిరి ఒక్కటే.
"గోడవైపు.
చిన్నప్పుడు నాకు చోటుండాలని."

ముక్కు మీది టరెట్ వెనక్కి జరిపి
బోయాకి తాడు కట్టాను.
రెండు సగాలూ అతికించి
బట్టల క్లిప్పులు బిగించి పడుకున్నాను.
ఆ రాత్రి గాలి బాగా ఉంది.
రెండుసార్లు లేచి గదిలోకి వెళ్ళి చూసొచ్చాను,
ఎందుకో నాకే తెలీదు.
బల్ల మీద నీళ్ళు కూడా లేవు.

అక్టోబరులో వచ్చింది తీసుకెళ్ళడానికి.
రంగు చూడలేదు, నంబర్లు చూడలేదు,
నాచు బాగుందని అనలేదు.
రెండు చేతులా ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని
మెల్లగా ఒరిగించింది.
టిక్.
లోపల ఏదో ఊడింది, కెటిలో, మంచం కోడో.
సిగ్గుతో చెవులు కాలిపోయాయి నాకు.
ఇటివ్వండి, అతుకు విప్పి మళ్ళీ...
ఇవ్వలేదు.
ఇంకోసారి ఒరిగించి వింది.
"లేచినట్టున్నాడు," అంది.

ఆ పూట లెక్కల పుస్తకంలో రాసుకున్నాను:
ఇరవై ఎనిమిది. నీళ్ళ మీద.
లోపల ఒక ముక్క వదులు, బాగు చెయ్యలేదు.
ధర రాసే గడి
ఇప్పటికీ ఖాళీగానే ఉంది.