రెండొందల నలభై తొమ్మిది

ఇన్నాళ్ళూ అది ఖాళీ గడి.
కొనేవాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసేవాళ్ళు.
ఒకడు హాలెండ్, ఒకడు నెదర్లాండ్స్,
ఒకడు దుబాయ్ అని రాసి ఊరుకున్నాడు, అదేదో దేశమైనట్టు.
పోయినేడు జార్జియా అని ఒకటొచ్చింది.
నూట ఇరవై డ్రమ్ముల మామిడి గుజ్జు
ఏ జార్జియాకు పోవాలో తెలీక
చెన్నై రేవులో పదకొండు రోజులు ఎండలో నిలబడింది.

అందుకే కోదండపాణి సారు
గుడిపాల ఫ్యాక్టరీలో, బాయిలరు పక్క గదిలో
నాకో కుర్చీ వేయించి అన్నాడు:
"రాయనీయొద్దమ్మా. ఏరుకోనీ, చాలు."

రాయడం వేరు, ఏరుకోవడం వేరు.
ఆ మాట జిగురులా అంటుకుంది నాకు.
ఆ గదిలో అన్నీ అంటుకుంటాయి లెండి,
స్పేస్ బార్ నొక్కితే
తీపిగా, బద్ధకంగా పైకి లేస్తుంది.

జాబితా దించుకున్నా. రెండొందల నలభై తొమ్మిది.
మనుషులే లేని దీవొకటి ఉంది అందులో, ఉండేవి పెంగ్విన్లు.
దానికీ రెండక్షరాల కోడు.
తీసేద్దామనుకుని, ఉండనీలే అనుకున్నా.
ఎండలు ఇట్లానే కాస్తే
అవీ ఒక డ్రమ్ము అడగొచ్చు.

సారు వచ్చి వెనక నిలబడ్డాడు.
"డబ్బులు టయానికిచ్చే ఆరు దేశాల్ని పైకెక్కించు."
సౌదీ ఎక్కింది.
యెమెన్ ఎక్కబోయి దిగింది, పాత బాకీ.
"మన దేశమో సార్?"
"మనోళ్ళు కాయ కొంటారు, డ్రమ్ము కొనరు. కిందనే ఉండనీ."
సరే, ఐస్‌లాండ్ కింద, ఇండోనేషియా పైన,
ఎవరూ దిగిరాని మెట్టు మీద
మేమున్నాం.

గేటు బయట ఇంకో జాబితా.
అది వేలితో తోస్తే జారదు.
చిత్తూరు రోడ్డు మలుపు దాకా ట్రాక్టర్లు,
టార్పాలిన్ల కింద చెమటలు పట్టిన తోతాపురి.
టోకెన్ నూట డెబ్భై ఆరు, దొరసామి,
తవణంపల్లె పక్క, ఐదు టన్నులు, మూడో రాత్రి.
టీకని పోతా ఉంటే పిలిచాడు:
"ఏం పని పాపా నీకు లోపల?"

నోటితో చెప్తే తెగలేదు. ఫోన్లో చూపించా.
బాణం గుర్తు మీద నొక్కు చిన్నాయనా,
చాప విప్పినట్టు దేశాలన్నీ పరుచుకుంటాయి.
బొటనవేలు పెట్టాడు. విప్పుకోలేదు.
తుడుచుకుని మళ్ళీ పెట్టాడు.
తొడిమ తుంచేటప్పుడు చిందిన సొన
ఆ వేలి గీతల్ని ఏనాడో కాల్చేసింది.
"రేషనంగట్లో మిషనుకు గూడా నేనంటే నమ్మకం లేదు,"
నవ్వాడు. "నువ్వే జరుపు. పేర్లు చదువు."

చదివా, ఆఫ్ఘనిస్తాన్ కాణ్ణించి.
"అది యాడుండాది?" అని రెండుచోట్ల ఆపాడు.
రెండుచోట్లా నాకూ తెలీదు.
బురుండీ దగ్గర పక్క ట్రాక్టరాయన బీడీ ఆర్పి వచ్చి కూర్చున్నాడు.
"ఇంతమందీ మన కాయ తింటారా?"
"తినరు. తాగుతారు."
"తొక్కో?"
"మనకే."
కొలంబియా దాటేసరికి దొరసామి గురక,
కాయల మీదనే తల.
పక్కాయన మాత్రం లేవలేదు:
"ఆ దేశాల్లో కిలో ఎంతంట?"
ఆ గడి నాకు చూపించరు.
మాకు కనిపించేది గేటు పక్క నల్లబోర్డే.
పొద్దున సుద్దతో ఎనిమిది, సాయంత్రానికి
సగం చెరిపిన ఎనిమిది మీద ఆరు.

తెల్లారి, ఫారాన్ని జనంలోకి వదిలే ముందు
ఒక పరీక్ష ఆర్డరు వేశా.
పేరు: దొరసామి.
సరుకు: ఐదు టన్నులు.
దేశం దగ్గర ఆగా. పక్కన ఎర్ర చుక్క, వదిలేసి పోనీదు.
ఆరుగురు పెద్దమనుషుల్నీ దాటి
కిందికి, ఇంకా కిందికి జారి
ఐస్‌లాండ్ పక్కన ఏరుకున్నా.
పచ్చటి టిక్కు పడింది.
దొరసామి గారూ, మీ ఆర్డరు అందింది, ధన్యవాదాలు.

కాసేపు చూస్తా కూర్చున్నా.
పరీక్ష వరసల్ని ఉంచకూడదు గదా.
తుడిచేయమంటావా, ఖచ్చితంగానా, అని
అదే రెండుసార్లు అడిగింది.
బయట మైకులో
నూట డెబ్భై రెండును పిలుస్తా ఉన్నారు.