ఏకవచనం

హాలిఫాక్స్ కొండ మీద రిజర్వాయరు
పొద్దున్నే మంచు కప్పుకుని పడుకుని ఉంది.
నీళ్ళు ఆరడుగులు తగ్గాయని
కొలబద్ద దగ్గర వంగి రాసుకొచ్చాను,
పెన్సిలుతో. ఇక్కడి తుంపరలో సిరా నిలవదు.

తొమ్మిదింటికి మీటింగు.
బల్ల చుట్టూ పదకొండు మంది,
పన్నెండో కుర్చీ నాది, కెటిల్ పక్కన.
అక్కడ కూర్చోమని ఎవరూ అనలేదు.
నీరు పల్లమెరుగు అంటారు కదా,
ఏళ్ళ తరబడి జారి జారి అక్కడికి చేరాను.

"హై, నోట్సు నువ్వే కదా" అంటాడు క్లైవ్.
హైమవతిలో మొదటి అక్షరం దాటి రాడు.
అది పలకరింపులా వినిపిస్తుంది, పేరులా కాదు.
నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందట.
ఆ ముత్యాలతోనే పధ్నాలుగేళ్ళు
నా మాటని ఇంకొకరి మెడలో వేశాను:
"రెండో పంపు మార్చాలని గోర్డన్ సూచించారు."
సూచించింది నేను.
మంగళవారం, లిఫ్టు దగ్గర.
నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు.
దేవుడికి మినిట్స్ కాపీ వెళ్ళదు.

పార్వతీపురం బడిలో మాణిక్యాంబ టీచరు
బోర్డు మీద రాసేది:
తాతయ్య వచ్చాడు.
అమ్మ వచ్చింది.
మేక వచ్చింది.
"చూశారా, అమ్మా మేకా ఒకే వరుస"
క్లాసంతా మే మే అని అరిచాం.
ఆవిడ నవ్వలేదు.
సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడింది,
ఇంకేదో రాయబోతుంటే గంట కొట్టారు.

రాత్రి రెండింటికి ఫోను మోగిన రోజుల్లో
కారు నడుపుతూ లాగ్ పుస్తకం తెలుగులో రాసుకునేదాన్ని, మనసులో:
పంపు ఆగిపోయింది.
హైమ వచ్చింది.
పంపు నడిచింది.
హైమ వెళ్ళిపోయింది.
ఎవరు మనిషో ఎవరు మోటారో
క్రియ చూసి చెప్పండి.

మేనేజరు పోస్టుకి కూర్చున్నాను ఒకసారి.
"అన్నీ బాగున్నాయి, గాంభీర్యం కొంచెం చాలలేదు" అన్నారు.
గాంభీర్యమంటే లోతు అనుకునేదాన్ని.
ఈ లోయలో ఏ జలాశయం లోతెంతో
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.
వాళ్ళడిగింది గొంతు గురించి.
రెండోసారి పోస్టు డంకన్‌కి వెళ్ళింది.
వాల్వు ఎటు తిప్పాలో వాడికి నేర్పింది నేనే.
కేకు కూడా నన్నే కొయ్యమన్నారు.

మార్చిలో బెత్ వచ్చింది,
గోళ్ళ కింద గ్రీజుతో, నవ్వితే గోడలు అదిరేలా.
పంట కోతల వేళకి రుఖ్సానా, బ్రాడ్‌ఫర్డ్ నుంచి.
కుర్చీలు చాలక ముగ్గురం కెటిల్ దగ్గరే.

ఆ గురువారం గోర్డన్ గొంతు సవరించుకుని
నా లెక్కని తన లెక్కగా చెప్తుండగా
రుఖ్సానా తలెత్తకుండానే అంది:
"అవును, పోయిన వారం హై-మ-వ-తి చెప్పింది అదే."
నాలుగక్షరాలూ, మెట్టు మెట్టుగా,
మోకాళ్ళు నొప్పెట్టినా ఆగకుండా ఎక్కినట్టు.
గదిలో ఫ్రిజ్ చప్పుడు వినిపించింది.
నేను పెన్ను బల్ల మీద దొర్లించాను.
అది నిదానంగా వెళ్ళి గోర్డన్ కప్పుకి తగిలి ఆగింది.
"ఈవేళ మీరు రాయండి."
రాశాడు. కోడి గీకినట్టు.
రుఖ్సానా పేరులో రెండు తప్పులు.
బెత్ దిద్దించింది.

అది విప్లవం కాదు, నాకు తెలుసు.
క్లైవ్ ఇంకా హై అనే అంటాడు.
ఆ పోస్టు మళ్ళీ పడింది, గడువు శుక్రవారం.
సగం నింపిన ఫారం బ్యాగులో ఉంది,
అందులో "మీ బలహీనతలు" అన్న గడి దగ్గర
మూడు రోజులుగా ఆగాను.

నిన్న రాత్రి మళ్ళీ ఫోను.
వాన. కొండ దారి.
బెత్ టార్చి పట్టింది, రుఖ్సానా పీడనం చదివింది,
నేను బోల్టు దగ్గర మోకాళ్ళ మీద.
అప్పుడు తట్టింది, గంట మింగేసిన ఆ వాక్యం.
ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా, నీళ్ళ హోరులో:
మేకలు వచ్చాయి.
అమ్మలు వచ్చారు.

లాగ్ పుస్తకం తడిసింది. పెన్సిలు తీశాను.
పంపు ఆగిపోయింది.
వాళ్ళు వచ్చారు.